ఇరవై నాలుగేళ్ల నడుముకు ఆపరేషన్ కావాలా?

పాశమైలారంలో మందుల కంపెనీ హెల్పరుకో, బొల్లారంలో డ్రమ్ములు దొర్లించే కుర్రాడికో, ముంబయి రోడ్డు మీద రాత్రింబవళ్లు లారీ నడిపే డ్రైవరుకో ఒకరోజు నడుము పట్టేస్తుంది. నాలుగు రోజుల్లో నొప్పి పిర్రలోకి, అక్కడి నుంచి తొడ వెనకగా పిక్కలోకి దిగుతుంది. దగ్గినా తుమ్మినా కాలు జివ్వుమంటుంది. ముందు మెడికల్ షాపు మాత్రలు, తర్వాత ఆర్‌ఎంపీ సూది, ఆ తర్వాత నడుముకు బెల్టు. నెల తిరిగేసరికి చేతిలో ఎమ్మారై ఫిల్మ్. దానితో వచ్చే కాగితంలో రాసి ఉండే మాట దాదాపు అందరికీ ఒకటే: ఎల్4-ఎల్5 దగ్గర, ఎల్5-ఎస్1 దగ్గర డిస్కు ఉబ్బింది, నరం నొక్కుకుంది.

ఆ కాగితం పట్టుకున్న మనిషికి ఇరవై నాలుగేళ్లు. ఒక డాక్టరు ఆపరేషన్ చేయించుకోమంటాడు, ఇంకొకాయన ఆగమంటాడు. ఊళ్లో మేనమామ "వెన్నుపూస మీద కత్తి పెడితే కాళ్లు పడిపోతయిరా" అని భయపెడతాడు. పక్క రూములో ఉండే దోస్తు "మా అన్న చేయించుకున్నడు, మూడో దినమే నడిచిండు" అని ధైర్యం చెబుతాడు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే ఆ కుర్రాడికి ఏమీ పాలుపోదు.

ముందుగా ఆ ఫిల్మ్ సంగతి చూద్దాం. 1994లో అమెరికా పరిశోధకులు నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్లలో సగం మందికి పైగా, 52 శాతానికి, కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతానికి డిస్కు ఒకవైపు పొడుచుకొచ్చి ఉంది. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి, నొప్పి లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లను వయసువారీగా లెక్క వేశారు. ఏ బాధా లేని ఇరవయ్యేళ్ల వాళ్లలోనే 37 శాతానికి డిస్కులో అరుగుదల, 30 శాతానికి ఉబ్బు కనిపించాయి. అంటే, ఏ నొప్పీ లేకుండా షిఫ్టు ముగించుకుని గేటు దాటి వస్తున్న వంద మంది కుర్రాళ్లను నేరుగా స్కానింగ్‌కు పంపితే, ముప్పై మంది చేతికి "డిస్కు ఉబ్బింది" అనే కాగితమే వస్తుంది.

కాబట్టి ఫిల్మ్ ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోవడం తొందరపాటు. అలాగని ఫిల్మ్‌ను అవతల పారేయాల్సిన పని కూడా లేదు. అది ఎప్పుడు పనికొస్తుందో తెలియాలంటే డిస్కు లోపల జరిగేది తెలియాలి.

టైరులో పొరలు, డిస్కులో పొరలు

సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పనిచేసేవాళ్లకు ఒక సంగతి చెప్పక్కర్లేదు: టైరు బలమంతా పైన కనిపించే రబ్బరులో ఉండదు, లోపల పేర్చిన దారాల పొరల్లో ఉంటుంది. లారీ టైర్లలో పాత రకం తీసుకుంటే, ఒక పొర దారాలు ఇటు ఏటవాలుగా ఉంటే దానిపై పొర దారాలు అటు ఏటవాలుగా ఉంటాయి. లోపలి గాలి ఎంత తోసినా ఒకదాన్నొకటి అడ్డుకునే ఆ పొరలే నిలబెడతాయి.

రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు కట్టుబడి కూడా ఇదే. చుట్టూ గోడ, అందులో 15 నుంచి 25 దాకా పొరలు, ఒక్కో పొరలో పీచు ఒక్కో వైపు వాలి ఉంటుంది. మధ్యలో గాలికి బదులు జిగురుముద్ద. పడుచు వయసులో అందులో దాదాపు 80 శాతం నీరే.

ఆ ముద్ద మీద ఎంత ఒత్తిడి పడుతుందో 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వాలంటీరు డిస్కులోకి సన్నటి సెన్సరు పంపించి కొలిచారు. ఊరికే నిలబడితే 0.5 మెగాపాస్కల్. కారు టైరులో మనం కొట్టించే గాలికి ఇది రెట్టింపు పైనే. నడుము వంచి, వీపు గుండ్రంగా పెట్టి 20 కిలోల బరువు ఎత్తితే అది 2.3కు ఎగబాకింది. కారు టైరుకు పది రెట్లు, లారీ టైరుకు సుమారు మూడు రెట్లు. మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7 అయింది. అదే బరువును ఛాతీకి ఆనించి పట్టుకుంటే 1.1కి దిగిపోయింది. బరువు మారలేదు, మనిషి మారలేదు. ఎత్తే తీరూ, బరువుకూ ఒంటికీ మధ్య ఉన్న దూరమూ ఒత్తిడిని సగానికి సగం మార్చేశాయి.

మందుల కంపెనీలో రియాక్టరు చార్జింగ్ చూసినవాళ్లకు ఈ అంకెలు ఏం చెబుతున్నాయో వెంటనే తెలుస్తుంది. పొడి సంచిని నేల మీంచి లేపాలి, మెట్లెక్కాలి, మ్యాన్‌హోల్ అంచుకు పొట్ట తగలకుండా చేతులు చాచి, నడుము కొంచెం పక్కకు తిప్పి గుమ్మరించాలి. వంగడం, చాచడం, తిరగడం మూడూ ఒక్క కదలికలో కలిసిపోతాయి. డిస్కు గోడకు ఇంతకంటే గడ్డు పని లేదు.

గోడ వెనకభాగంలో పలచన. వెనక నడిమధ్యన ఒక పట్టీలాంటి బంధనం (లిగమెంట్) కాపు కాస్తుంది గానీ పక్కలకు ఆ కాపు బలహీనం. ముందుకు వంగిన ప్రతిసారీ ముద్ద వెనక్కి తోసుకొస్తుంది. ముందు లోపలి పొరల్లో పగుళ్లు పుడతాయి, అవి నెలల తరబడి, ఏళ్ల తరబడి ఒక్కో పొరా దాటుకుంటూ బయటికి వస్తాయి. చిట్టచివరి పొర తెగిన రోజు చేతిలో ఏ సంచి ఉంటే దానిమీద నింద పడుతుంది. ఒక్కోసారి సంచి కూడా ఉండదు, పళ్లు తోముకోవడానికి వంగితే పట్టేస్తుంది.

ఇంత బరువు మోసే భాగానికి రక్తనాళాలు లేకపోవడం ఇంకో విశేషం. చిన్నప్పుడు ఉన్న కొద్దిపాటి నాళాలు కూడా పెరిగేకొద్దీ మాయమవుతాయి. ఆ తర్వాత పైనా కిందా ఉన్న వెన్నుపూసల నుంచి పోషకాలు ఊరుతూ ఊరుతూ చేరాల్సిందే. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం ఈ ప్రయాణాన్ని ఎమ్మారైలో వెంబడించి 2004లో ప్రచురించింది. రక్తంలోకి ఎక్కించిన రంగుమందు వెన్నుపూసకు నిమిషాల్లో చేరింది. డిస్కు నడిమధ్యలో పూర్తిగా కనబడటానికి దాదాపు ఆరు గంటలు పట్టింది. తెగిన డిస్కు గోడ చర్మం మీద గాయంలా మానకపోవడానికి కారణం ఇదే.

పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, లేచి తిరుగుతుంటే ఆ నీరు పిండుకుపోతుంది. పొద్దున మన ఎత్తు సాయంత్రం కంటే సుమారు ఒక శాతం ఎక్కువ. నిద్ర లేచిన మొదటి గంటలో డిస్కు నిండా నీరుంటుంది కాబట్టి ఆ గంటలో లోతుగా వంగి బరువెత్తడం మరీ చెరుపు. నైట్ డ్యూటీ చేసి మధ్యాహ్నం లేచేవాళ్లకు ఆ గంట మధ్యాహ్నమే వస్తుంది.

అన్ని తప్పులూ బరువు మీదే వేయడం కూడా సరికాదు. ఫిన్లండ్‌లో ఏకరూప కవలలను పోల్చి చూస్తే, ఒకరు బరువు పని, ఒకరు కుర్చీ పని చేసినా డిస్కుల అరుగుదల ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంది. పుట్టుకతో వచ్చిన డిస్కు నాణ్యతే పెద్ద కారణం, పని దానికి తోడవుతుంది. పొగతాగడం ఆ సన్నటి పోషక ప్రవాహాన్ని ఇంకా తగ్గిస్తుంది. డ్రైవర్ల విషయంలో మాత్రం ఇంకోటి ఉంది. వెన్నెముకకు సెకనుకు నాలుగైదు సార్లు ఊగే సహజ లయ ఉంటుంది. లారీ, ట్రాక్టరు సీట్ల అదురు దాదాపు అదే లయలో ఉండటంతో గుంతల రోడ్డు మీద ప్రతి కుదుపూ పెద్దదై నడుముకు చేరుతుంది.

నడుములో పుట్టిన నొప్పి కాలిలో ఎందుకు?

మేనమామ భయానికి ముందు జవాబు చెప్పుకుందాం. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుము చివరిదాకా రాదు. మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు విడివిడి పోగులుగా వేలాడుతూ, ఒక్కో పూస దగ్గర ఒక్కో జత బయటికి వెళుతుంది. జారే డిస్కుల్లో నూటికి తొంభై ఐదు చిట్టచివరి రెండు డిస్కులే, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1. అక్కడ ఆపరేషన్ చేసే సర్జన్ చేతికి వెన్నుపాము తగలదు. రెండు కాళ్లూ చచ్చుపడిపోవడమన్నది ఈ ఆపరేషన్లో అత్యంత అరుదు. ఏదో ఒక నరానికి దెబ్బ తగిలే ముప్పు తక్కువే గానీ, ఉంది.

ఇక నొప్పి. 1991లో అమెరికాలో ఒక సర్జన్ల బృందం కేవలం ఆ చోటుకే మత్తు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగా డిస్కు ఆపరేషన్లు చేస్తూ, లోపల ఒక్కో భాగాన్ని తాకుతూ ఎక్కడ నొప్పెడుతోందని అడిగింది. కాలిలోకి దిగే ఆ నొప్పి ఒక్కదాన్ని తాకినప్పుడే వచ్చింది: వాచి, నొక్కుకుని ఉన్న నరం మొదలును. వాపు లేని నరాన్ని తాకితే ఆ నొప్పి రాలేదు.

అంటే నొక్కుడు ఒక్కటే చాలదు, వాపు కూడా తోడవ్వాలి. ఆ వాపు ఎక్కడిదో 1993లో స్వీడన్ శాస్త్రవేత్తలు పందుల మీద చూపించారు. డిస్కు లోపలి ముద్దను తీసి, ఏమాత్రం నొక్కకుండా నరం మీద ఊరికే ఉంచితే చాలు, నరం పని మందగించింది. గోడ లోపల ఉన్నంతసేపు ఏ హానీ చేయని పదార్థం, బయటపడగానే నరాన్ని మండిస్తోంది. డిస్కు ఇంకా అలాగే ఉబ్బి ఉన్నా నొప్పి తగ్గిపోయే వాళ్లుంటారు. వాళ్లకు మంట చల్లారింది, అంతే. అందుకే నొప్పి పోయిన మనిషి మళ్లీ స్కాన్ తీయించుకుని భయపడనక్కర్లేదు.

డాక్టరు పరీక్షలో చూసేది కూడా ఈ నరాన్నే. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలిని నెమ్మదిగా పైకి లేపుతారు. ముప్పై నలభై డిగ్రీలు లేచేసరికి పిక్కలోకి కరెంటు కొట్టినట్టయితే నరం లాగుతోందని అర్థం. తర్వాత మడమల మీద నాలుగడుగులు వేయమంటారు. అది చేతకాకపోయినా, బొటనవేలిని పైకెత్తి ఉంచితే డాక్టరు వేలితో సులువుగా వంచేయగలిగినా ఎల్5 నరం బలం తగ్గింది. మునివేళ్ల మీద లేవలేకపోతే ఎస్1. తిమ్మిరి పాదం పైభాగంలోనా, బయటి అంచున చిటికెన వేలి వైపా అన్నదీ ఇదే చెబుతుంది. కాలు చెప్పిన నరమూ ఫిల్మ్‌లో నొక్కుకున్న నరమూ ఒకటే అయితే, అదీ ఒకే వైపున అయితే, అప్పుడు ఆ ఫిల్మ్‌కు విలువ వస్తుంది. కుడికాలు నొప్పికి ఎడమవైపు ఉబ్బు చూపించే ఫిల్మ్‌తో ఆపరేషన్ గదిలోకి పోకూడదు.

కాబట్టి ఒంటిమీద చెయ్యి వేయకుండా, మడమల మీద నడిపించకుండా, ఫిల్మ్ మాత్రమే చూసి ఆపరేషన్ తేదీ చెప్పిన చోట ఆగండి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బయటపడ్డ ముద్దను ఒళ్లే తినేస్తుంది

ఇక్కడ టైరుతో పోలిక ఆగిపోతుంది. టైరుకు లేని గుణం ఒంటికి ఉంది.

డిస్కు లోపలి ముద్దను మన రోగనిరోధక వ్యవస్థ ఎన్నడూ ఎరగదు, ఎందుకంటే అక్కడికి రక్తం పోదు. గోడ తెగి ముద్ద బయటికి రాగానే దాన్ని పరాయి పదార్థంగా గుర్తిస్తుంది. కొత్త రక్తనాళాలు దాని చుట్టూ అల్లుకుంటాయి. వాటి వెంట వచ్చే భక్షక కణాలు దాన్ని కొంచెం కొంచెంగా జీర్ణం చేసుకుంటాయి. పాత అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్కలో, పూర్తిగా ఊడిపడిన ముక్కల్లో 96 శాతం, గోడ చీల్చుకుని బయటికొచ్చిన వాటిలో 70 శాతం ఆపరేషన్ లేకుండానే కుంచించుకుపోయాయి. ఊరికే ఉబ్బిన వాటిలో 13 శాతమే తగ్గాయి.

ఇది మన అంచనాకు తలకిందులుగా ఉంది. ఫిల్మ్‌లో భయంకరంగా కనిపించే పెద్ద ముక్కే కరిగిపోయే అవకాశం ఎక్కువ. గోడ లోపలే ఉన్న చిన్న ఉబ్బు రక్తం కంటపడదు గనుక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, చాలాసార్లు ఏ బాధా పెట్టకుండానే.

కరగడానికి మాత్రం వారాలూ నెలలూ కావాలి. ఈలోగా మంచానికి అంటుకుపోవడం అక్కరకు రాదు. నెదర్లాండ్స్‌లో 183 మంది కాలినొప్పి రోగుల్లో కొందరికి రెండు వారాలు పూర్తి విశ్రాంతి, మిగతావాళ్లకు మామూలుగా తిరగమన్న సలహా ఇచ్చి చూశారు. పన్నెండు వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మెరుగయ్యారు. పడుకున్నందుకు అదనంగా ఒరిగింది లేదు. నడవగలిగినంత నడవడం, వంగి బరువెత్తకపోవడం, నొప్పి తగ్గేందుకు డాక్టరు రాసిన మాత్రలు, కొంత కుదుటపడ్డాక ఫిజియోథెరపీ. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ సూది కొందరికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది, ఆ ఊరటలో నడక మొదలుపెట్టగలిగితే మంచిదే.

అప్పుడు ఆపరేషన్ ఇచ్చేదేమిటి?

జారిన డిస్కే కాలినొప్పికి కారణమని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో రాసినప్పటి నుంచి ఈ ఆపరేషన్ జరుగుతోంది. 1977 నుంచి మైక్రోస్కోపు కింద చేస్తున్నారు. రెండు మూడు సెంటీమీటర్ల కోత, గంట పని. నరాన్ని పక్కకు జరిపి, దాన్ని నొక్కుతున్న ముక్కను తీసేస్తారు. చాలామంది అదే రోజో మర్నాడో లేచి నడుస్తారు. దోస్తు చెప్పింది నిజమే.

ఈ ఆపరేషన్‌ను వేచి ఉండటంతో తూచి చూసిన పరీక్షల్లో 2007లో నెదర్లాండ్స్‌లో జరిగినది మనకు బాగా పనికొస్తుంది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన కాలినొప్పి ఉన్న 283 మందిలో సగం మందికి వెంటనే ఆపరేషన్. మిగతా సగం ఆగి, తట్టుకోలేకపోతేనే ఆపరేషన్. వెంటనే చేయించుకున్నవాళ్లు కోలుకోవడానికి మధ్యస్థంగా నాలుగు వారాలు పట్టింది, ఆగినవాళ్లకు పన్నెండు. ఏడాది గడిచేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం కోలుకున్నామనే చెప్పారు. ఆగినవాళ్లలో 39 శాతం మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారన్నదీ మరిచిపోకూడదు. ఓపిక పట్టినవాళ్లందరికీ దానంతటదే తగ్గలేదు. కానీ పదింట ఆరుగురు కత్తి లేకుండానే గట్టెక్కారు.

నార్వేలో ఇంతకు చాలా ముందే జరిగిన పరిశోధన ఫలితాలు 1983లో వచ్చాయి. ఏడాదికి ఆపరేషన్ వాళ్లు ముందున్నారు, పదేళ్లకు తేడా లేదు.

మరీ ఎక్కువ కాలం ఆగినా నష్టమే. కెనడాలో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా కాలినొప్పి వదలని 128 మంది మీద జరిగిన పరీక్ష 2020లో వెలువడింది. పదికి ఎనిమిది దగ్గర్లో ఉన్న నొప్పి, ఆపరేషన్ అయినవాళ్లకు ఆరు నెలల్లో 2.8కి దిగింది. మందులు, ఫిజియోథెరపీతో ఉన్నవాళ్లకు 5.2 దగ్గర ఆగింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమయ్యేది ఇది: ఈ ఆపరేషన్ కొత్త నడుమును ఇవ్వదు. కాలినొప్పి నుంచి సుమారు ఎనిమిది వారాలు ముందుగా బయటపడేస్తుంది. మొదటి ఆరు వారాల్లో, నరం బలం తగ్గనంతవరకు, దానికి తొందరలేదు. మూడు నాలుగు నెలలైనా కాలు నిద్రపోనివ్వకపోతే మొండిగా వాయిదా వేయడంలో అర్థం లేదు.

ఆపరేషన్ అయ్యాక గోడలో తూటు మిగిలే ఉంటుంది. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అదే డిస్కు మళ్లీ జారుతుంది. నరాల పైపొర చిరగడం, చీము పట్టడం వంటివి నూటికి కొద్దిమందికి జరుగుతాయి. ఇరవై నాలుగేళ్ల మనిషి ఆ డిస్కుతో ఇంకో ముప్పై ఐదేళ్లు పని చేయాలి గనుక, ఈ అంకెలను అరవై ఏళ్ల రోగి కంటే అతను శ్రద్ధగా వినాలి.

[బాక్స్] ఇలా ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు

మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. మర్మాంగాల చుట్టూ, కూర్చుంటే నేలకు ఆనే చోట స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం. పెద్ద ముక్క జారి కింది నరాల మొత్తాన్నీ నొక్కినప్పుడు ఇలా అవుతుంది. గంటల్లో ఆసుపత్రికి చేరాలి. 48 గంటలు దాటితే మూత్రం మీద అదుపు తిరిగిరాకపోవచ్చు. ఇక్కడ ఆపరేషన్ ఒక్కటే దారి, ఈ వ్యాసంలోని "ఆగండి" ఏదీ దీనికి వర్తించదు.

పాదం వేలాడిపోయి చెప్పు జారిపోతున్నా, ఆ బలహీనత రోజురోజుకీ పెరుగుతున్నా అదే వారంలో సర్జన్‌ను కలవాలి. నొప్పి ఉన్నట్టుండి మాయమై కాలు మొద్దుబారితే అది తగ్గినట్టు కాదు.

కాలు నొప్పా, నడుము నొప్పా?

పైన చెప్పిన ఫలితాలన్నీ కాలినొప్పికి సంబంధించినవి. కాలిలోకి దిగని, నడుముకే పరిమితమైన నొప్పి వేరే సంగతి. దానికి ఒక్కోసారి రాడ్లు, స్క్రూలు వేసి రెండు పూసలను ఒకటిగా అతికించే ఆపరేషన్ సూచిస్తారు. 349 మంది మీద బ్రిటన్‌లో జరిగి 2005లో వచ్చిన పరీక్షలో, రెండేళ్ల తర్వాత ఈ ఆపరేషన్ గట్టి వ్యాయామ శిక్షణ కంటే మేలని చెప్పే స్పష్టమైన ఆధారం దొరకలేదు. పూస జారిపోయినప్పుడు, విరిగినప్పుడు, వంకర పెరుగుతున్నప్పుడు రాడ్లకు తగిన స్థానం ఉంది. అరిగిన డిస్కు, ఉత్త నడుము నొప్పి, ఇరవైల్లో వయసు: ఈ మూడింటికి రాడ్లు వేస్తామంటే నేనైతే ఇద్దరు ముగ్గురిని అడగనిదే ఒప్పుకోవద్దంటాను. అతికించిన పూస కదలదు, ఆ కదలిక భారం పక్క డిస్కుల మీద పడుతుంది. అది అయిదు దశాబ్దాలు మోయాల్సిన భారం.

[బాక్స్] డిస్కు కాకపోవచ్చు

పడుచువాళ్ల నడుము నొప్పి వెనక రెండు జబ్బులు ఒక్కోసారి దాగి ఉంటాయి. మొదటిది వెన్నెముక కీళ్లవాతం. పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము కర్రలా బిగుసుకుని, తిరిగేకొద్దీ సడలుతుంది. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. దీనికి కావలసింది కీళ్లవాత నిపుణుడు, మందులు. రెండోది వెన్నెముక క్షయ. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, పడుకున్నా వదలని నొప్పి. ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే కార్మికుల్లో దీన్ని గుర్తుపెట్టుకునే తీరాలి. ముందుగా పట్టుకుంటే చాలావరకు మందులతోనే నయమవుతుంది.

ఎనిమిది వారాల కూలి

ఆపరేషన్ ఎనిమిది వారాలు మిగులుస్తుందన్నాం. గచ్చిబౌలిలో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి ఎనిమిది వారాలంటే ఇబ్బంది, అంతే. పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొంతపల్లిలో కాంట్రాక్టు కింద పనిచేసే కుర్రాడికి అది రెండు నెలల కిరాయి, ఊరికి పంపాల్సిన రెండు విడతల డబ్బు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాళ్లకు వండిపెట్టే మనిషి కూడా దగ్గర ఉండరు. "సోమవారం రాకుంటే వేరే మనిషిని పెట్టుకుంటం తమ్మీ" అని సూపర్‌వైజర్ అన్న మాట ఒక్కటి చాలు, ఏ డాక్టరు సలహానైనా పక్కకు నెట్టడానికి.

అందుకే ఇక్కడ నిర్ణయం నరాన్ని బట్టి జరగడం లేదు, కూలిని బట్టి జరుగుతోంది. ఒకడు ఆగితే తగ్గే నొప్పికి, ఆగలేక, అప్పు చేసి ఆపరేషన్‌కు వెళ్తాడు. నాలుగో వారంలో మళ్లీ అవే సంచుల దగ్గరికి వస్తాడు. ఇంకా మూసుకోని తూటు మీద లారీ టైరుకు మూడింతల ఒత్తిడి. ఇంకొకడు నొప్పి మాత్రలు మింగుతూ డబుల్ డ్యూటీ చేస్తాడు, పాదం వేలాడే దాకా. ఇద్దరికీ జరిగింది వైద్యం కాదు.

ఈ చిక్కుకు విరుగుడు కొంతవరకు ఇప్పటికే చట్టంలో ఉంది. కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐలో జీతపు పరిమితిని 2017 జనవరిలో 21,000 రూపాయలకు పెంచారు. ఆ పరిధిలో ఉండి, అర్ధసంవత్సరపు చందా కాలంలో కనీసం 78 రోజులు చందా పడ్డ కార్మికుడికి జబ్బు చేస్తే, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం నగదుగా వస్తుంది. నెదర్లాండ్స్ పరీక్షలో ఆగినవాళ్లు కోలుకోవడానికి పట్టింది పన్నెండు వారాలు, అంటే 84 రోజులు. శాస్త్రం అడిగే గడువు చట్టం ఇచ్చే గడువులో సరిపోతోంది! దీన్ని చూసినప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటి గట్టిపడింది: ఈ పారిశ్రామిక బెల్టులో జారిన డిస్కుకు మొదటి మందు సెలవు సర్టిఫికెట్. మాత్రల చీటీతో పాటు దాన్నీ రాసినప్పుడే "ఆగి చూడు" అన్న సలహాకు విలువ.

అంతకంటే పొడుగైన జబ్బులకు ఈఎస్‌ఐలో ప్రత్యేక జాబితా ఉంది, అందులో డిస్కు జారడం పేరు పెట్టి మరీ ఉంది. రెండేళ్ల ఉద్యోగం, ఆ కాలంలో 156 రోజుల చందా ఉంటే 80 శాతం జీతం చొప్పున సాయం కొనసాగుతుంది. జబ్బు భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి పనిలోంచి తీసేయకూడదని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోనే, 73వ సెక్షన్‌లో రాశారు. కాంట్రాక్టరు చందా కట్టకపోతే అసలు కంపెనీ కట్టాలన్నదీ ఆ చట్టం నాటి నియమమే.

చందా పడుతోందా లేదా అన్నది నడుము పట్టేశాక తెలుసుకుంటే ఆలస్యమవుతుంది. చేరిన మొదటి నెలలోనే ఈఎస్‌ఐ బీమా నంబరు (ఐపీ నంబరు) అడిగి తీసుకోవాలి. ఆ నంబరుతో రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు, ఆపరేషన్ దాకా వస్తే సనత్‌నగర్ ఈఎస్‌ఐ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఈఎస్‌ఐ లేనివాళ్లకు సంగారెడ్డిలో 2022లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, పంజాగుట్ట నిమ్స్ ఉంది. రెండో అభిప్రాయానికి వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు.

మళ్లీ పనిలోకి

ఆపరేషన్ అయినా కాకపోయినా చివరికి అందరూ వచ్చేది ఫ్యాక్టరీ గేటు దగ్గరికే. అక్కడ సంచి బరువు మారకపోతే కథ మళ్లీ మొదలవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, పక్కకు తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తేటప్పుడు, గరిష్ఠం 23 కిలోలు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ అంకె కిందికి దిగుతుంది. రియాక్టరు మ్యాన్‌హోల్ దగ్గర అన్నీ తప్పుతాయి, అక్కడ 25 కిలోల సంచి ఎప్పుడూ హద్దు దాటిన బరువే. సంచిని పైకి చేర్చే చిన్న హాయిస్టు, డ్రమ్మును పట్టి వంచే బండి, నేలమీద కాకుండా నడుమెత్తున పేర్చే అరుగు: ఇవి పెద్ద ఖర్చులు కావు. ఒక షిఫ్టులో నలుగురి నడుములు పోయిన కంపెనీకి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది.

కార్మికుడు తన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితంలో "లైట్ వర్క్" అని మాత్రమే ఉంటే, సూపర్‌వైజర్ దానికి తనకు తోచిన అర్థం చెబుతాడు. అంకెలు అడిగి రాయించుకోండి. "సార్, ఎన్ని కిలోలు, ఎన్ని వారాలు, వంగొచ్చా, బండి నడపొచ్చా, అది కూడా రాయండి సార్" అనండి. మామూలు డిస్కు ఆపరేషన్ తర్వాత తేలిక పనికి రెండు నుంచి ఆరు వారాలు, బరువు పనికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఎవరికెంత అన్నది పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి. ఆ కాగితం ఒక కాపీ కంపెనీ హెచ్‌ఆర్‌కు, ఒకటి కాంట్రాక్టరుకు ఇచ్చి, మూడోది తేదీ, ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.